ఐదో నాడా

పోయిన వారం శౌరయ్యను గోతి ఒడ్డున నిలబెట్టి ఆగాం. భవానీపురం దాటి మైలవరం రోడ్డున పోతే ఎడమచేతి పక్కన వచ్చేదే పందేల బీడు. ఒకప్పుడు అక్కడ గుర్రాలు పరిగెత్తేవి. ఇప్పుడది బసవయ్యగారి మనవడు చక్రి వేసిన వెంచరు. క్లబ్ హౌసు ముందు స్విమ్మింగ్ పూల్ కోసం తవ్వుతుంటే జేసీబీ పళ్ళకు ఎముకలు తగిలాయి. కూలీలు పారలు పడేసి అవతలికి పోయారు. వీఆర్వో వచ్చి చూసి, ఇవి దేని ఎముకలో పశువుల సంగతి తెలిసినవాడు రాసిస్తేనే పని సాగనిస్తానన్నాడు. అందుకని శౌరయ్యకు కబురు వెళ్ళింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. వయసులో ఉండగా ఈ బీడులోనే గుర్రాల గిట్టలకు ఇనుప నాడాలు కొట్టాడు. ఇప్పుడు బండలాగుడు పోటీల ఎడ్లకు కొడుతున్నాడు. ఆటో దిగి గోతిలోకి తొంగి చూశాడు.

చూసి, ఉన్నచోటే కూలబడ్డాడు.

రోహిణి కార్తె ఎండ. మధ్యాహ్నం రెండు దాటింది. మట్టిలోంచి సెగ లేస్తోంది. అంత ఎండలో శౌరయ్య ఒళ్ళు చల్లబడింది. అరచేతులు తడిశాయి. పంచెకు తుడుచుకున్నాడు. మళ్ళీ తడిశాయి.

గోతిలో మనిషి లోతున ఒక పక్కకు ఒరిగి ఉంది అది. పొడుగాటి పుర్రె. పక్కటెముకలు సగం జేసీబీ విరగ్గొట్టింది. వెనక కాళ్ళు రెండూ చాపి ఉన్నాయి. ముందుకాలు ఒకటి మడిచి ఉంది. ఇంకొకటి మెడ కింద మట్టిలోకి పోయింది, పైకి కనపడటం లేదు. కనిపించే మూడు కాళ్ళ చివరా తుప్పు పట్టిన నాడాలున్నాయి.

ఎముకలను చూస్తే శౌరయ్యకు భయం లేదు. ఆయన్ని కూలబెట్టింది ఆ నాడాలే.

పందేల గుర్రం చచ్చిపోతే, పాతిపెట్టే ముందు నాడాలు కొట్టినవాడికి కబురు చేస్తారు. ఇనుముతో మట్టిలోకి పంపకూడదని పట్టింపు. కొట్టిన చెయ్యే ఊడదీయాలి. నాలుగూ ఊడదీసి, గిట్టలు కడిగి, ఆ తర్వాతే మట్టి. బీడులో ఉన్నన్నాళ్ళూ ఆరు గుర్రాలకు శౌరయ్య ఆ పని చేశాడు. ఊడదీసేటప్పుడు ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. గుర్రం గలవాడు ఎంత పెద్ద ఆసామి అయినా తల మీద గుడ్డ తీసి నిలబడేవాడు.

ఈ గుర్రానికి ఎవరూ కబురు చేయలేదు.

"ఏం తాతా, దెయ్యాన్ని చూసినట్టు అట్టా అయిపోయావ్?" జేసీబీ నీడలోంచి డ్రైవరు కోటి కేకేశాడు. "నిన్ను చూసి మావాళ్ళు ఇంకా దూరం జరుగుతున్నారు."

"మంచినీళ్ళు ఉన్నయ్యా?"

"ఉన్నయ్. టీ పొడి వేస్తే టీ అయిపోద్ది, అంత వేడిగా ఉన్నయ్." బాటిల్ తెచ్చి ఇచ్చాడు. దగ్గరికొచ్చాక గొంతు తగ్గించాడు. "పదకొండేళ్ళయింది నేను ఈ బండెక్కి. శ్మశానం పక్కన రోడ్డు కూడా తవ్వా. ఎక్కడా బెదరలా. ఇయ్యాల మాత్రం బకెట్ లేపబోతే చెయ్యి రాలా తాతా. ఇది ఎద్దేనా?"

శౌరయ్య నీళ్ళు తాగాడు. సగం గడ్డం మీద పడ్డాయి.

చక్రి ఫోను చెవికి పెట్టుకుని ఆఫీసు వైపు నుంచి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. బూట్లకు మట్టి అంటకుండా ఆచితూచి నడుస్తాడు. "చూశావుగా తాతా, ఎద్దే. మా తాతయ్య వస్తున్నాడు, కాయితం ఆయన దగ్గరుంది. నాకు మైలవరంలో పనుంది," అంటూనే వెనక్కి తిరిగాడు. కాసేపటికి చక్రి తెల్లకారు, నల్ల అద్దాలది, దుమ్ము లేపుకుంటూ గేటు దాటింది.

శౌరయ్య సైటాఫీసు వైపు చూశాడు. రేకుల కింద కృప ఎర్ర స్కూటీ నిలబడి ఉంది. కృప ఆయన మనవరాలు. తల్లీ తండ్రీ లేని పిల్ల. ఈ ఆఫీసులోనే ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకు మ్యాపు చూపిస్తుంది. ఆ ఎర్ర బండిని చూస్తే ఆయనకు కాస్త ధైర్యం వచ్చింది. పిల్ల లోపల చల్లగా ఏసీలో ఉందిలే అనుకున్నాడు.

ఇంతలో బసవయ్యగారు వచ్చారు.

ఎనభై దాటినా వెన్ను వంగని మనిషి. తెల్ల లాల్చీ, తెల్ల పంచె. చేతికర్రకు ఇత్తడి పిడి, గుర్రం తల ఆకారంలో. కుర్చీ వేయించుకుని సరిగ్గా శౌరయ్య పక్కనే, గోతి ఒడ్డున కూర్చున్నారు.

"లేవకు శౌరీ. కూర్చో. మజ్జిగ తెచ్చా. ఇంట్లో చేసిందే, అల్లం వేశారు."

గ్లాసు చాపారు. శౌరయ్య తీసుకోలేదు. బసవయ్యగారు కాసేపు చూసి, గ్లాసు తన చేతిలోనే ఉంచుకున్నారు.

"మొన్న పోటీల్లో ఫస్టొచ్చిన జతకు నువ్వేనంటగా కొట్టింది."

"నేనేనండి."

"ఎద్దుల సంగతి నీకంటే ఎవడికి తెలుసు? అందుకే నిన్నే పిలవమన్నా. వీఆర్వో అన్నానికి పోయాడు, మూడింటికి వస్తాడు. ఈలోగా దీనిమీద సంతకం చెయ్యి." జేబులోంచి మడిచిన కాయితం తీశారు. "ఇది ఎద్దు. ముప్ఫై నలభై ఏళ్ళ కిందట చచ్చిన ఎద్దు. అంతే రాయించా."

"ఎద్దుకి గిట్ట చీలి ఉంటదండి. కాలికి రెండు బిళ్ళలు కొడతాం. ఇది ఒకటే వంపు."

బసవయ్యగారు నవ్వారు. "నాకు చెబుతున్నావంట్రా? నాకు తెలుసు, నీకు తెలుసు. వీఆర్వోకి తెలీదు, ఆ బండి తోలేవాడికి తెలీదు. తెలిసినోళ్ళం ఇద్దరమే మిగిలాం."

ఆ చివరి మాట శౌరయ్య చెవిలో ఆగిపోయింది. ఇద్దరిలో ఒకడు తగ్గితే మిగిలేది ఒక్కడే. ఆయన కూర్చున్నచోటే గోతి నుంచి జానెడు వెనక్కి జరిగాడు.

ఈ బీడు ఏమిటో ఇప్పటివాళ్ళకు తెలియదు. గేటు మీద సిమెంటుతో చేసిన గుర్రం బొమ్మ చూసి, ఏదో అందానికి పెట్టారనుకుంటారు. ఒకప్పుడు పంట ఇంటికి చేరాక మొదలుపెట్టి ఎండలు ముదిరేదాకా ప్రతి ఆదివారం ఇక్కడ పందేలు జరిగేవి. రైసుమిల్లుల ఆసాములు, పాత జమీందార్ల కొడుకులు గుర్రాలు తెచ్చేవాళ్ళు. బెజవాడ స్టేషను దగ్గర జట్కాలు తోలే సాయిబులు కూడా బండి విప్పి, అదే గుర్రాన్ని గీత మీద నిలబెట్టేవాళ్ళు. ఒక్కోసారి ఆ జట్కా గుర్రమే గెలిచేది. అప్పుడు గ్యాలరీలో వెనక బల్లల వాళ్ళు ముందు కుర్చీల వాళ్ళ మీదకు టోపీలు విసిరేవాళ్ళు. గుర్రాలను పొద్దున్నే భవానీపురం రేవుకు నడిపించుకుపోయి కృష్ణలో కడిగేవాళ్ళు. తడి గుర్రాలు వరసగా రోడ్డున వస్తుంటే బస్సులు ఆగేవి.

చుట్టూ సున్నం కొట్టిన గుంజలు. నాలుగు మలుపులు. మూడోది కొండ వైపు ఉన్న మలుపు, గుర్రం ఎడమకు బాగా ఒరగాలి. బరువంతా ఎడమ ముందుకాలి మీద పడుతుంది. ఆ కాలి నాడా సరిగ్గా లేకపోతే గుర్రం నిలబడదు. ఈ గొయ్యి తవ్వింది సరిగ్గా ఆ మూడో మలుపులోనే.

పందేలు ఆగిపోయాక బీడు ఒక్కసారిగా పోలేదు. ముందు గ్యాలరీ చెక్కలు ఎవరి పశువుల కొట్టానికో పోయాయి. గుంజలు మిరపతోటకు కంచె అయ్యాయి. తర్వాత మొక్కజొన్న వేశారు. వేసిన ప్రతిసారీ చేను మధ్యలో, రెండు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పున, గుండ్రంగా పైరు గిడసబారేది. గిట్టలు తొక్కి తొక్కి గట్టిపడిన నేల. ఎంత దున్నినా ఆ గుండ్రం పోయేది కాదు. కొండ మీద మేకలు కాసేవాళ్ళు పైనుంచి చూసి, అదిగో గుర్రాల దారి అనేవాళ్ళు. చివరికి చక్రి మట్టి తోలించి, రోడ్లు వేసి, దాన్నీ మాయం చేశాడు.

పందేలు ఆగిపోయింది ఒక్క పొద్దుటి వల్ల.

బసవయ్యగారికి కస్తూరి అని నల్ల ఆడగుర్రం ఉండేది. దాన్ని ఎక్కేవాడు పాల్. బక్కపలచటి మనిషి, ఎప్పుడూ ఈల వేస్తూ తిరిగేవాడు, శౌరయ్యకు ప్రాణస్నేహితుడు. పెద్దపందెం ముందురోజు సాయంత్రం శౌరయ్య కస్తూరికి కొత్త నాడాలు కొట్టాడు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పనికొచ్చేసరికి గేటు దగ్గర బసవయ్యగారు ఎదురయ్యారు. అప్పుడు ఆయనకు ముప్ఫై. చొక్కా మీద రక్తం ఉంది.

"నీ మేకు గిట్ట దాటి పచ్చిమాంసంలోకి దిగిందిరా," అన్నారు ఆ రోజు. "ఎడమ ముందుకాలు. మంచులో పరుగు చూద్దామని తోలితే మూడో మలుపులో పడిపోయింది. కాలు విరిగింది. కాల్చేశాం. పాతేశాం. పాల్ గాడు బెదిరి మద్రాసు పారిపోయాడు. నీ తప్పు నేనెవరికీ చెప్పను. నువ్వు నోరెత్తకు."

శౌరయ్య నోరెత్తలేదు. నాడాలు తీయడానికి తనను పిలవనిది కోపం వల్లేననుకున్నాడు. ఆ తర్వాత గుర్రాన్ని ముట్టలేదు. ఎడ్లకు కొట్టేటప్పుడు కూడా ప్రతి మేకుకూ ముందు సుత్తి గాలిలో ఒక్క క్షణం ఆగేది. ఎడ్లవాళ్ళు చూసి, శౌరయ్యది ఎంత నెమ్మదైన చెయ్యో అని మెచ్చుకునేవాళ్ళు. ఆ ఆగడం భయమని ఆయన ఎవరికీ చెప్పలేదు.

పాల్ భార్య మణెమ్మ. అప్పటికి పెళ్ళయి ఆరు నెలలు. భవానీపురంలో ఇస్త్రీ బండి పెట్టుకుని బతికింది. మొగుడు మద్రాసులో ఇంకొకదాన్ని కట్టుకున్నాడని లోకం అంది. చర్చిలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవాళ్ళు, ఉత్తరం వచ్చిందా మణెమ్మా అని. ఆ బండి ఎదురుగా నడవలేక శౌరయ్య యాభై ఏళ్ళుగా పక్క సందులోంచి తిరిగిపోతున్నాడు. తన మేకు దిగకపోతే గుర్రం పడేది కాదు. గుర్రం పడకపోతే పాల్ పారిపోయేవాడు కాదు. ఆయన లెక్క అది.

"నీ మేకు సంగతి ఇన్నేళ్ళలో ఎక్కడన్నా అన్నానా?" బసవయ్యగారు మెల్లగా అడిగారు.

"అనలేదండి."

"ఇయ్యాల అనాల్సి వస్తది. గుర్రమని రాస్తే, ఎవరి గుర్రం అంటారు. ఎట్టా చచ్చింది అంటారు. అప్పుడు నీ పేరే చెప్పాలి. ముసలితనంలో ఎందుకు చెప్పు? మీ కృప కూడా మా ఆఫీసులోనే ఉంది. మంచి పిల్ల. ఆ పిల్లని చూసే నేను ఇంత ఓపిగ్గా మాట్లాడుతున్నా."

మాటలో కోపం లేదు. చంటిపిల్లవాడికి అన్నం పెట్టేటప్పటి గొంతు. సంతకం చేసేద్దామనే అనుకున్నాడు. కలం చేతిలోకి తీసుకున్నాడు కూడా.

కానీ కన్ను గోతిలోకి పోయింది. మూడు నాడాలు బయటున్నాయి. నాలుగోది మెడ కింద ఉంది. ఎడమ ముందుకాలు. యాభై ఏళ్ళుగా తన నిద్రలోకి వచ్చే కాలు. అది ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పటికీ చూడలేడు. సాయంత్రానికి లారీలో వేసి ఎక్కడో కలిపేస్తారు.

"ఒక్కటి చూసి చేస్తానండి," అన్నాడు.

"ఏంటి చూసేది?"

"నాలుగోది."

బసవయ్యగారి కర్ర నేల మీద ఆగిపోయింది. "వద్దు," అన్నారు. ఆ ఒక్క మాటా గట్టిగా వచ్చింది. వెంటనే సర్దుకున్నారు. "మట్టి విరిగి మీద పడుద్ది. ముసలోడివి. వద్దులే."

ఆయన అట్లా అనకపోతే శౌరయ్య ఆగిపోయేవాడేమో. ఆ గొంతులో తనకున్న భయమే విన్నాడు. ఇన్నేళ్ళలో బసవయ్యగారు భయపడగా వినడం అదే మొదటిసారి. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, జేసీబీ పళ్ళు గీసిన వాలు పట్టుకుని, పిర్రల మీద జారుతూ గోతిలోకి దిగాడు.

కింద గాలి లేదు. మట్టి వాసనకు తోడు ఏదో పాత తోలు వాసన. మోకాళ్ళ మీద కూర్చుని పుర్రె పక్కన చేత్తో తవ్వడం మొదలుపెట్టాడు. గోళ్ళలోకి మట్టి ఎక్కింది. మెడ ఎముకల కింద పట్టకారు పెట్టి కాస్త కాస్త కదిపాడు. తల ఎత్తితే పైన ఆకాశం ఒక ముక్క, ఆ ముక్కలో కర్ర పట్టుకున్న మనిషి నీడ.

"కోటీ," అని పైన బసవయ్యగారి గొంతు. "బండి స్టార్ట్ చెయ్యి. ఆ ఒడ్డున మట్టంతా లోపలికి తొయ్యి."

"తాత లోపలున్నాడండి."

"కనపడుతుంది. స్టార్ట్ చెయ్యమన్నా."

శౌరయ్య చేతులు ఆగిపోయాయి. పైకి ఎక్కాలంటే నిచ్చెన లేదు. వాలు జారుడు. ఒక్క బకెట్ మట్టి చాలు. చెవులు రిక్కించాడు. తాళం తిరిగిన చప్పుడు. టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది. ఇంజను లేవలేదు.

"బ్యాటరీ వీకయిందండి," అన్నాడు కోటి. "ఎండకి. పొద్దున్నుంచీ ఇదే గోల."

పొద్దున్నుంచీ ఆ బండి ఒక్క పిలుపుకే లేచిందని కూలీలందరికీ తెలుసు.

శౌరయ్య గబగబా తవ్వాడు. వేలికి చల్లటి ఇనుము తగిలింది. మట్టి తుడిచి బయటికి లాగాడు. ఎడమ ముందుకాలి నాడా. బయటి పక్క నాలుగు మేకులు, లోపలి పక్క మూడు. మడమ దగ్గర ఉలితో కొట్టిన చిన్న సిలువ గుర్తు. తన గుర్తే. గిట్ట ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, మేకులు మాత్రం నాడాకు నిలబడే ఉన్నాయి.

మేకు సరిగ్గా దిగితే గిట్ట గోడలోంచి పక్కకు బయటికొస్తుంది. కొన విరిచి, మిగిలింది కిందికి మడుస్తారు. పచ్చిలోకి దిగిన మేకు బయటికి రాదు. దానికి మడత ఉండదు. ముల్లులా నిటారుగా ఉండిపోతుంది. ఇది గుడ్డివాడు తడిమి కూడా చెప్పగలడు.

కళ్ళు మసకబారాయి. అందుకని శౌరయ్య తడిమాడు. ఒకటి. మడత ఉంది. రెండు, ఉంది. మూడు, నాలుగు. లోపలి పక్కకు వేలు తిప్పాడు. ఐదు. ఆరు. ఏడోది, ఎప్పుడూ కలలో విరిగే మేకు. మెల్లగా దాని కొన మీద వేలు పెట్టాడు.

మడత ఉంది.

ఏడింటికీ ఉంది.

ఆయనకు వెంటనే సంతోషం రాలేదు. ఇంకా ఎక్కువ భయం వేసింది. నా మేకు కాకపోతే మరి ఎందుకు పడింది? పడి చస్తే దాచాల్సిన పనేంటి? నాడాలు కూడా తీయకుండా, జీను కూడా విప్పకుండా పాతిపెట్టేంత తొందరేంటి? జీను అనుకోగానే చూశాడు. నిజమే, పక్కటెముకల కింద చివికిన తోలు పట్టీ ఉంది. ఇందాకటి ఆ వాసన దాన్నుంచే. పట్టీ వెంట చెయ్యి పోనిచ్చాడు. గుర్రం పొట్ట కిందికి పోయింది. చివర రికాబు తగిలింది, కాలు పెట్టుకునే ఇనుప కమ్మి.

రికాబు ఖాళీగా లేదు.

నల్లగా ముడుచుకుపోయిన బూటు. దాని మడమకు అర్ధచంద్రంలా చిన్న ఇనుప ముక్క. మూడు చిన్న మేకులు. ఉలితో కొట్టిన సిలువ.

"గుర్రానికి కొట్టినట్టే నాకూ కొట్టరా శౌరీ," అని పాల్ ఒక సాయంత్రం కాలు ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టాడు. "ఇంటికెళ్ళేటప్పుడు టకటకమంటే మా మణెమ్మ పొయ్యి మీద చారు పెట్టేసుద్ది." శౌరయ్య తిట్టుకుంటూనే కొట్టాడు. పాల్ ఈల వేస్తూ సిమెంటు గట్టు మీద టకటకలాడుతూ పోయాడు.

బూటు లోపల ఎముక ఉంది. మిగతావి అటుపక్క, గుర్రం కింద.

ఇంతలో పైన ఆటో ఆగిన చప్పుడు వినిపించింది. ఆడమనిషి గొంతు. "కోటీ, ఏదిరా? ఎక్కడ?"

"నేనే ఫోన్ చేశానండి," అని కోటి బసవయ్యగారితో అంటున్నాడు. "మా వీధే. వాళ్ళాయన కనపడకుండా పోయిన పందేల బీడులో ఎముకలంటే ఆమెకు చెప్పకుండా ఎట్టా ఉంటాం?"

ఒడ్డున మణెమ్మ కనపడింది. డెబ్భై ఒకటి. ఇస్త్రీ చేసి చేసి కుడిభుజం కిందికి జారింది. కొంగు నెత్తిన వేసుకుని కిందికి చూసింది. యాభై ఏళ్ళ తర్వాత శౌరయ్య ఆమె కళ్ళలోకి చూడక తప్పలేదు.

"శౌరయ్యన్నా," అంది. "నన్ను చూస్తే సందుల్లోంచి పోతావుగా. ఇయ్యాల ఎటు పోతావ్? చెప్పు. ఏంటది?"

"ఎద్దమ్మా," అన్నారు బసవయ్యగారు. "సంతకం కూడా చేస్తున్నాడు. కదా శౌరీ?"

శౌరయ్య ఆఫీసు వైపు చూద్దామనుకున్నాడు. గోతిలోంచి ఎర్ర స్కూటీ కనపడదు. ఉంటుందిలే, అక్కడే ఉంది, చూశాను కదా అనుకున్నాడు. పిల్ల ఉద్యోగం పోతుంది. పోతే పోనీ. ఇంకోచోట చూసుకుంటుంది. పట్టకారుతో బూటు మడమ నుంచి ఆ ఇనుప ముక్క ఊడదీశాడు. మేకులు మూడూ ఒకేసారి వదిలాయి. తల మీద తువ్వాలు తీసి దాంతో తుడిచి, చెయ్యి పైకి చాపాడు. కోటి బోర్లా పడుకుని అందుకుని మణెమ్మకు ఇచ్చాడు.

"గుర్రమేనమ్మా," అన్నాడు శౌరయ్య. "కస్తూరి. నాలుగు నాడాలూ ఉన్నయ్. నాలుగూ నేను కొట్టినవే, నాలుగూ బాగున్నయ్. నువ్వు పట్టుకుంది ఐదోది."

మణెమ్మ దాన్ని అరచేతిలో తిప్పింది. అరిగిన పక్కను బొటనవేలితో రుద్దింది. తర్వాత పక్కనున్న సిమెంటు దిమ్మ మీద దాన్ని రెండుసార్లు కొట్టింది. టక్. టక్.

కూలీలంతా దగ్గరికొచ్చారు. మణెమ్మ ఏడవలేదు. అట్లాగే దిమ్మ మీద కూర్చుని, "మద్రాసు పోలా," అంది. ఎవరితోనూ కాదు. "మద్రాసు పోలా ఈయన."

ఇప్పుడు బసవయ్యగారు అరుస్తారని శౌరయ్య ఎదురుచూశాడు. ఆయన అరవలేదు. లేవను కూడా లేదు. మజ్జిగ గ్లాసు ఒక గుక్క తాగి, చేతి గడియారం చూసుకున్నారు. బండి ఇంకా రాలేదేమని చూసుకునేవాడిలా.

సంచీలో ఫోను మోగింది. మట్టి చేతులతో తీశాడు. కృప.

"తాతా!" పిల్ల గొంతులో ఊపిరి అందడం లేదు. వెనక కారు రొద. "తాతా, నువ్వేనా? నీకు బాగానే ఉందా?"

"నాకేమైందమ్మా? నువ్వు ఆఫీసులో లేవా?"

"నువ్వు ఎండకి పడిపోయావని, మైలవరం ఆసుపత్రికి తీసుకెళ్ళారని చక్రిగారు కారెక్కించారు తాతా. మైలవరం రోడ్డు వదిలేసి చాలాసేపైంది. ఎటు పోతున్నామో తెలీట్లేదు. ఆపమంటే ఆపట్లా. తాతా, తలుపు..."

ఆ తర్వాత ఏమీ లేదు. రొద కూడా ఆగిపోయింది.

శౌరయ్య ఫోను చెవికి అట్లాగే పెట్టుకుని తల ఎత్తాడు. గోతి ఒడ్డున బసవయ్యగారు ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, కిందికి చూస్తున్నారు. చేతిలో మడిచిన కాయితం ఇంకా అట్లాగే ఉంది.

"ఏమంటుంది శౌరీ," అని అడిగారు, "మనవరాలు?"